ఫలితం రాని ప్రయోగమే పేరు తెచ్చింది

బోటనీ చదివినవాళ్లకు గోట్లీబ్ హేబర్లాంట్ పేరు కొత్తేం కాదు. టిష్యూకల్చర్ పితామహుడని ఒక మార్కు బిట్‌గా గుర్తుపెట్టుకునే ఉంటారు. కానీ ఆ ప్రయోగంలో ఆయన అనుకున్నది జరగలేదని మీకు తెలుసా?

1854లో హంగరీలో పుట్టిన ఈయన ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ప్రొఫెసర్. ఆకుల నుంచి విడి కణాలను తీసి, చక్కెర కలిపిన పోషక ద్రావణంలో ఉంచారు. అవి కొన్ని వారాలు బతికాయి, సైజు పెరిగాయి. ఒక్కటీ విభజన చెందలేదు. ఆయన తీసుకున్నవి ముదిరిన కణాలు. పైగా విభజనను నడిపే హార్మోన్ల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

1902లో ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు. మామూలు కణాల నుంచే పిండాలను పెంచే రోజు వస్తుందనీ అందులో రాశారు. 1913లో బంగాళాదుంప కణజాలంపై పనిచేసి, విభజనను ప్రేరేపించే పదార్థాలు మొక్కలోనే ఉంటాయని చూపించారు. 1945లో బెర్లిన్‌లో కన్నుమూశారు. 1958లో క్యారెట్ కణాల నుంచి పిండాలు వచ్చాయి.

ఇప్పుడు ఓక్ చెట్టు వంతు. ముదురు చెట్టు కొమ్మ నాటితే వేళ్లు రావడం కష్టం, గింజ బాగా ఎండితే మొలకెత్తదు. అందుకే ల్యాబ్‌లో దాని కణజాలం నుంచే పిండాలు పెంచి మొక్కలు తీస్తున్నారు.

మీ ప్రాజెక్టులో ఫలితం రాలేదా? అంకెలు మార్చకండి. ఏం చేశారు, ఏం రాలేదు, తర్వాత ఏం చేయాలి.. మూడూ రాయండి. ఇంటర్వ్యూలో ఎవరు ఎలా అడిగినా తడబడకుండా చెప్పగలిగేది అదే.