తుంబా తీరపు పాఠం: విక్రమ్ సారాభాయి జీవితం

మానవుడు అంతరిక్షానికి పోవడం వల్ల లోకానికి ఒనగూడే మేలేమిటి? అందుకై దేశాలు చేతులు కలపడం సమంజసమేనా? తరగతి గదులలో తరచు వినవచ్చే యీ ప్రశ్నలకు సమాధానం వెదికేవారు డాక్టర్ విక్రమ్ సారాభాయి జీవితాన్ని పరిశీలించడం ఎంతైనా అవసరం.

సారాభాయి 1919వ సంవత్సరం ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదులో సంపన్నులైన మిల్లు యజమానుల యింట జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్యాభ్యాసం సాగుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. స్వదేశానికి మరలివచ్చి, బెంగుళూరులో సర్ సి. వి. రామన్ పర్యవేక్షణలో విశ్వకిరణాలపై పరిశోధన ప్రారంభించారు. యుద్ధానంతరం మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళి 1947లో డాక్టరేటు పొందారు. ఆ యేడే అహమ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయాన్ని నెలకొల్పారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేండ్లు మాత్రమే.

1961 ఏప్రిల్ 12న సోవియట్ వీరుడు గగారిన్ భూమిని చుట్టివచ్చాడు. అగ్రరాజ్యాల నడుమ పోటీ తీవ్రమైంది. మరుసటి సంవత్సరమే భారత ప్రభుత్వం అంతరిక్ష పరిశోధనకై జాతీయ సంఘాన్ని ఏర్పరచి, సారాభాయిని అధ్యక్షునిగా నియమించింది. పేదదేశానికి రాకెట్లెందుకని ఆక్షేపించినవారు లేకపోలేదు.

తిరువనంతపురం చెంతనున్న తుంబా అనే బెస్తపల్లెను ఆయన ప్రయోగాలకు ఎన్నుకొన్నారు. భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ పల్లె సమీపం నుండి పోతుంది. ఆ రేఖ వెంబడి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ప్రవహించే విద్యుత్తును పరిశీలించడానికి అంతకంటె అనువైన చోట్లు అరుదు. కనుక ఆ స్థలం విదేశీ శాస్త్రజ్ఞులకూ అవసరమే. మనవద్ద ధనం లేకపోయినా, ఇతరులకు ఇవ్వదగినది ఒకటి ఉన్నదని సారాభాయి గుర్తించారు. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా అంగీకారంతో అక్కడి క్రైస్తవ దేవాలయం శాస్త్రజ్ఞుల కార్యాలయమైంది. బెస్తవారు తమ యిండ్లు విడిచి వేరొక చోటికి తరలిపోయారు. ఆ నిరుపేదల త్యాగం మరువరానిది.

1963 నవంబరు 21వ తేదీ సాయంత్రం తుంబా నుండి మొదటి రాకెట్టు లేచింది. రాకెట్టు అమెరికాది, అందులోని సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్సుది. సోవియట్ దేశం హెలికాప్టరును, గణనయంత్రాన్ని సమకూర్చింది. భూమిపై వైరులైనవారు ఆ యిసుక తీరాన సహకారులైనారు. 1968 ఫిబ్రవరి 2న ప్రధాని ఇందిరాగాంధి ఆ కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు.

అయినప్పటికీ మానవుని అంతరిక్షానికి పంపడంలో గాని, చంద్రుని చేరడంలో గాని సంపన్న దేశాలతో పోటీపడాలని సారాభాయి తలచలేదు. ఉపగ్రహాల ద్వారా పల్లెలకు విద్యను, రైతులకు విజ్ఞానాన్ని అందించడమే ప్రథమ కర్తవ్యమని ఆయన నిశ్చయం. ఆయన ఆశయం మేరకు 1969లో అమెరికాతో ఒప్పందం కుదిరింది. ఫలితంగా 1975-76లో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఉపగ్రహ టెలివిజను వెలసింది. అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడ ఉన్నవి.

ఆ ఫలాన్ని ఆయన కన్నులారా చూడలేదు. శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు ఎగిరిన 1971లోనే, డిసెంబరు 30న కోవళంలో పరమపదించారు. అప్పటికి ఆయనకు యాభై రెండేండ్లు.

తరువాత 1984లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళివచ్చారు. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గడిపి వచ్చారు. సారాభాయి పక్కన పెట్టిన మార్గంలో దేశం నడుస్తున్నదంటే ఆయన ఆలోచన తప్పని కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న వివేకమే ఆయన మనకు విడిచిపోయిన సంపద. ప్రతి దేశమూ ఏదో ఒకటి ఇచ్చి, ఏదో ఒకటి నేర్చుకొని, ఆ ఫలాన్ని సామాన్యునికి చేర్చినప్పుడే అంతరిక్ష సహకారం సార్థకమవుతుంది. మానవయాత్రనైనా ఆ గీటురాయిపైననే పరీక్షించాలి. తుంబా తీరం విద్యార్థులకు నేర్పే పాఠం ఇదే.