శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసేలియస్

గాయాన్ని పరిశోధించదలచినవాడు గాయపడని దేహాన్ని ముందుగా ఎరిగి ఉండాలి. ఇది ఈనాడు వింతగా తోచదు. పదహారవ శతాబ్దపు ఐరోపాలో మాత్రం శవాన్ని తాకడం వైద్యాచార్యులు తమ హోదాకు లోటుగా భావించేవారు. ఆచార్యుడు ఉన్నత పీఠంపై కూర్చుండి గాలెన్ గ్రంథాన్ని లాటిన్‌లో చదివేవాడు. క్రింద క్షురకుడు కత్తితో కోసేవాడు. చదివేవాడు దగ్గరకు వచ్చి చూడడు. కోసేవానికి ఆ చదువు తెలియదు. ఈ దూరాన్ని తొలగించినవాడు ఆంద్రియాస్ వెసేలియస్.

ఆయన 1514వ సంవత్సరం డిసెంబరు 31వ తేదీన బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. తండ్రి చక్రవర్తి ఐదవ చార్లెస్ కొలువులో ఔషధకారుడు. వెసేలియస్ పారిస్‌లో సిల్వియస్ వద్ద విద్యనభ్యసించి, యుద్ధం కారణంగా లూవెన్‌కు మరలివచ్చాడు. అక్కడ ఊరి వెలుపల ఉరికంబాన మిగిలిన ఒక అస్థిపంజరాన్ని రహస్యంగా ఇంటికి చేర్చుకొన్నాడు. ఆ కాలంలో దేహాలను సమకూర్చుకొన్న పద్ధతులను మేము మెచ్చలేము. సమాధులనుండి అపహరించడం కూడ వాటిలో ఉన్నది. 1537లో ఆయన ప్రకటించిన గ్రంథం, అబూబక్ర్ అల్ రాజీ రచించిన వైద్యగ్రంథం తొమ్మిదవ భాగానికి వివరణ కావడం మన పాఠకులు గమనింపదగినది. ఆ డిసెంబరులోనే పాడువా విశ్వవిద్యాలయం ఆయనకు పట్టమిచ్చి, వెనువెంటనే శస్త్రవైద్య బోధకునిగా నియమించింది. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు నిండలేదు.

పాడువాలో ఆయన పీఠం దిగి కత్తిని తానే చేతబట్టాడు. 1540 జనవరిలో బొలోన్యా విద్యార్థుల ఆహ్వానంపై వెళ్లి నిర్వహించిన పాఠాలు కొద్దిరోజులే జరిగినా ప్రసిద్ధికెక్కాయి. అందుకు మూడు మానవ దేహాలు, ఆరు కుక్కలు వినియోగమయ్యాయి. వృద్ధాచార్యుడు కుర్తియస్ గాలెన్ సిద్ధాంతాలను ఉపన్యసించగా, వెసేలియస్ వాటిని దేహంపై పరీక్షించి చూపేవాడు. ఇద్దరికీ విద్యార్థుల యెదుటనే వాగ్వాదం జరిగింది. తన మాటను కూడ నమ్మక, అవయవాలను స్వయంగా తాకి తెలుసుకొమ్మని వెసేలియస్ విద్యార్థులను ప్రోత్సహించాడు. హెసెలర్ అనే విద్యార్థి ఆ పాఠాలను వ్రాసి ఉంచినందువల్ల ఈ వివరాలు మనకు దక్కాయి.

మన హకీములు జాలీనూస్ అని గౌరవించే గాలెన్ ప్రధానంగా కోతులను, ఇతర జంతువులను కోసి చూచినవాడు. మనిషి క్రింది దవడలో రెండు ఎముకలున్నాయని ఆయన వ్రాశాడు. ఉన్నది ఒకటే. (ఈజిప్టు కరవులో మరణించినవారి ఎముకలను పరిశీలించి, అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ ఈ సంగతిని మూడు శతాబ్దాలకు ముందే గ్రహించాడు.) ఇటువంటి దోషాలను సవరిస్తూ వెసేలియస్ 1543లో బాసెల్ నగరంలో 'ఫాబ్రికా' అనే ఏడు భాగాల మహాగ్రంథాన్ని ప్రకటించాడు. గురువు సిల్వియస్ సంతోషించలేదు సరిగదా, శిష్యుని ఉన్మాదియని నిందించాడు. విద్యాలోకంలో ఇది అరుదైన సంగతి కాదు.

తరువాత ఆయన చక్రవర్తి కొలువులో చేరి, యుద్ధరంగాలలో క్షతగాత్రులకు చికిత్స చేశాడు. 1559 జూన్ 30న ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ బల్లెపు పోటీలో గాయపడ్డాడు. ప్రత్యర్థి బల్లెం విరిగి, దాని తునకలు కుడికంటి పైభాగాన గ్రుచ్చుకొన్నాయి. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ బ్రస్సెల్స్ నుండి వెసేలియస్‌ను పంపాడు. శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే అక్కడనే ఉన్నాడు. ఆ కాలపు మహావైద్యులిద్దరు కలిసినా రాజును బ్రతికించలేకపోయారు. జూలై 10న ఆయన మరణించాడు. తల తెరచి చూడగా పుర్రె పగలలేదు. దెబ్బ తగిలినది ముందు, మెదడుకు హాని కలిగినది వెనుక. ఎముక చెక్కుచెదరకున్నా, అదురుపాటు వల్లనే మెదడు చెడిపోగలదని ఆ పరీక్ష తెలియజేసింది.

1939లో డెట్రాయిట్ నగరపు వేన్ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యులు, ఇంజనీర్లు కలిసి తలగాయాలపై పరిశోధన ప్రారంభించినప్పుడు వారి ముందున్నదీ ఇటువంటి సమస్యయే. ఈనాడు ప్రమాదగాయాలను పరిశోధించే ఇంజనీర్లకు సైతం శవచ్ఛేదన మందిరంలో కొద్దిరోజుల శిక్షణ ఇస్తున్నారు. దానికి పూర్వరూపం ఆ బొలోన్యా పాఠాలేయని మా అభిప్రాయం.

వెసేలియస్ 1564లో జెరూసలేం యాత్ర ముగించి తిరిగివస్తూ, గ్రీసు సమీపాన జాంతే ద్వీపంలో కన్నుమూశాడు. 1543లో ఆయన స్వహస్తాలతో కూర్చిన ఒక అస్థిపంజరం బాసెల్ మ్యూజియంలో నేటికీ ఉన్నది.