బైబిలు వర్తకుడు మైఖేల్ స్పార్క్



శతవార్షికోత్సవ సమయమున సంఘమును కట్టిన మిషనరీలను, ఉపదేశకులను జ్ఞాపకము చేసికొనుట మన ఆచారము. వారితోపాటు వాక్యమును అచ్చువేయించి, మూటకట్టి, ఓడ దాటించి అమ్మిన వర్తకులను కూడ తలంచుట మంచిదని మాకు తోచినది. 17వ శతాబ్దమున లండనులో జీవించిన మైఖేల్ స్పార్క్ అట్టివారిలో ఒకడు.

ఆయన ఆక్స్‌ఫర్డు సమీపమున ఐన్‌షమ్ గ్రామములో రైతు ఇంట పుట్టెను. లండనులో పని నేర్చి, 1610లో పుస్తక వర్తకుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీలో సభ్యుడయ్యెను. ఆయన అంగడి గుర్తు నీలి బైబిలు. 1624లో కెప్టెన్ జాన్ స్మిత్ వ్రాసిన వర్జీనియా చరిత్రను ప్రచురించెను. తానే కూర్చిన చిన్న ప్రార్థన పుస్తకము అనేక ముద్రణలు పొంది సామాన్యుల ఇండ్లకు చేరెను.

ఆ దినములలో బైబిలు అచ్చువేయు హక్కు రాజుగారి ముద్రాపకులకును విశ్వవిద్యాలయములకును మాత్రమే ఉండెను. పోటీ కొరవడి వెల పెరిగెను. అంచులలో వివరణలు గల జెనీవా బైబిలును ప్రజలు ఎంతో ప్రేమించిరి. అయితే 1616 తర్వాత అది ఇంగ్లండులో అచ్చు కాలేదు. హాలండులో ముద్రించి ఓడలమీద తెచ్చుచుండిరి. స్పార్క్ ఈ వ్యాపారములో దిగెను. ముద్రాపకుల మనుష్యులు రేవులలో బైబిలు మూటలు పట్టుకొనిరి. 1641లో ఆయన ఒక చిన్న పుస్తకము వెలువరించి, బైబిలు వెల మునుపెంత, ఇప్పుడెంత అని లెక్కలు చూపెను.

అంతకు ముందే ఆయన శిక్షకు గురియైయుండెను. నాటకములను ఖండించుచు విలియం ప్రిన్ వ్రాసిన గ్రంథమును ప్రచురించినందుకు, 1634లో స్టార్ ఛాంబర్ న్యాయస్థానము ఆయనకు 500 పౌండ్ల జరిమానా విధించి, మెడకు చేతులకు బొండవేసి నలుగురిలో నిలువబెట్టవలెనని తీర్పు చెప్పెను. ప్రిన్ చెవులు కోసిరి.

పదేండ్లకు కాలము తిరిగెను. 1644లో ఆర్చిబిషప్ విలియం లాడ్ పార్లమెంటు ఎదుట ముద్దాయిగా నిలిచెను. జెనీవా బైబిళ్లను అడ్డగించెననుట ఆయనపై మోపిన నేరములలో ఒకటి. సాక్షులలో స్పార్క్ ఒకడు. 1645 జనవరిలో లాడ్ తల నరికిరి. స్పార్క్ 1653లో కన్నుమూసెను.

మేము ఆయనను పరిశుద్ధుల వరుసలో నిలుపుటలేదు. వర్తకునికి లాభము కావలెను. శిక్ష అనుభవించినవాడు సాక్షియై నిలిచినప్పుడు, ఆ సాక్ష్యములో న్యాయమెంత, పగ ఎంత? ఆ లెక్క దేవుడెరుగును. మన పొరుగువానిమీద నోరు తెరచునప్పుడెల్ల ఈ ప్రశ్న మనలను కూడ అడుగును.

అయినను పేదవాడు కొనగల బైబిలు కొరకు ఆయన పోరాడెను, నష్టపోయెను. తెలుగులో మూడు సువార్తలు 1812లో సేరంపూరునందును, క్రొత్త నిబంధన 1818లో మద్రాసునందును అచ్చయ్యెను. బెల్లంపల్లిలో గని కార్మికుని ఇంట గుడ్డలో చుట్టి గూటిలో పెట్టిన బైబిలు వెనుక పేరు తెలియని ముద్రాపకులు, మోసినవారు, అమ్మినవారు ఎందరో ఉన్నారు. ఈ శతాబ్ది దినమున వారి కొరకును దేవునికి స్తోత్రము చెల్లించుదము.