రాయకోట దారిన సాగిన ఛాయాచిత్రకారుడు: లిన్నేయస్ ట్రైప్

ధర్మపురి నుండి పాలక్కోడు మీదుగా హోసూరు వైపు ప్రయాణించే వారికి రాయకోట కొండ చిరపరిచితమైన దృశ్యం. ఒకనాడు సేలం జిల్లాలోనూ, 1965 తరువాత ధర్మపురి జిల్లాలోనూ, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలోనూ ఉన్న ఆ ఊరు పాలనాపరంగా ఎన్ని చేతులు మారినా, కొండ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. జగదేవరాయలు ఏలిన బారామహల్ సీమకూ, మైసూరు పీఠభూమికీ నడుమ వాకిలివంటిది ఆ దుర్గం. హైదరాలీ, టిప్పు సుల్తానుల కాలంలో యుద్ధాలు చూచి, 1791లో ఆంగ్లేయుల వశమైన ఆ కోటకు మరొక విశేషం కూడా కలదు. ఛాయాచిత్రకళ ఇంకా బాల్యావస్థలో ఉన్న రోజులలోనే దాని రూపం కాగితంపై నిలిచింది. అలా నిలిపినవాడు లిన్నేయస్ ట్రైప్. నేడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలు ఆయన చిత్రాలను అపురూపంగా భద్రపరచుకుంటున్నాయి. ఆయన నడిచిన దారిలో నివసించే మన కుటుంబాలకు మాత్రం ఆయన పేరు అంతగా తెలియదు.

బాల్యము - సైన్యము

ట్రైప్ 1822 ఏప్రిల్ 14న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతానికి చెందిన డెవన్‌పోర్టు అనే ఓడరేవు పట్టణంలో జన్మించారు. పెద్ద కుటుంబం. తోబుట్టువులు అనేకులు. ఆ కాలపు మధ్యతరగతి ఆంగ్ల కుటుంబాలలో చిన్న కొడుకులకు బ్రతుకుతెరువుగా కనిపించినది ఈస్టిండియా కంపెనీ కొలువు. ట్రైప్ కూడా పదహారు పదిహేడేళ్ళ ప్రాయంలోనే కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. మద్రాసు దేశీయ పదాతిదళం పన్నెండవ రెజిమెంటులో ఆయన ఉద్యోగం. పదేళ్ళకు పైగా సాధారణ సైనికాధికారిగానే గడిపారు. ఆయన చరిత్రలో నిలిచిపోతారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

మలుపు సెలవులో వచ్చింది. 1850ల ఆరంభంలో ఆయన దీర్ఘకాలపు సెలవుపై స్వదేశం వెళ్ళారు. అప్పటికి ఛాయాచిత్రణం పుట్టి పుష్కరకాలమే అయినది. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే శాస్త్రజ్ఞుడు కాగితంపై నెగెటివ్ తీసే పద్ధతిని 1841లో ప్రకటించగా, 1851 ప్రాంతంలో ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే ఆ కాగితానికి ముందుగానే మైనం పట్టించే విధానాన్ని వెల్లడించారు. మైనపు కాగితాన్ని ముందురోజే సిద్ధం చేసుకొని ప్రయాణంలో వాడుకొనవచ్చు. దేశాటనం చేసేవానికి ఇది వరమైంది. ట్రైప్ ఈ విద్య నేర్చుకొని, 1853లో లండనులో కొత్తగా ఏర్పడిన ఫొటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యులై, 1854లో బెంగుళూరుకు తిరిగివచ్చారు.

వెంటనే పని ప్రారంభించారు. ఆ ఏడాది చివర ఆండ్రూ నీల్ అనే వైద్యునితో కలిసి హళేబీడు, బేలూరు దేవాలయాలను చిత్రించారు. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రాలకు ప్రథమశ్రేణి పతకం లభించింది. సైనికుని చేతిలోని పరికరం కేవలం వినోదం కాదని ప్రభుత్వం గ్రహించింది.

బర్మా యాత్ర

అదే సంవత్సరం గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు మిండన్ వద్దకు ఒక రాయబార బృందాన్ని పంపారు. ఆర్థర్ ఫేర్ దానికి నాయకుడు. అక్కడి కట్టడాలను, ప్రదేశాలను చిత్రించే బాధ్యత ట్రైప్‌కు అప్పగించారు. బర్మా రాజధాని అప్పుడు అమరపురం. వానకాలపు తేమ, ముసురు, అనారోగ్యం అడుగడుగునా ఆటంకపరచినా, ఆయన రెండు వందలకు పైగా నెగెటివ్‌లు తీసుకొని తిరిగివచ్చారు. వాటిలో 120 చిత్రాలను ఎంపికచేసి, ఒక్కొక్కటి ఏభై ప్రతుల చొప్పున బెంగుళూరులో ముద్రించారు. అంటే ఆరువేల చిత్రాలు. ఒక్కొక్క చిత్రాన్నీ ఎండలో ఉంచి, కడిగి, ఆరబెట్టి సిద్ధపరచవలసిన కాలమది. ఆ ఓర్పును ఊహించుకొనవలసిందే.

రాయకోట మీదుగా దక్షిణానికి

1856లో ఆయన కెప్టెను హోదా పొంది, మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా నియమితులయ్యారు. ప్రెసిడెన్సీలోని పురాతన కట్టడాలు శిథిలం కాకమునుపే వాటి రూపాన్ని నమోదు చేయడం ఈ ఉద్యోగంలో ముఖ్యభాగం. 1857లో ఉత్తరాన తిరుగుబాటు చెలరేగి దేశమంతా ఉద్రిక్తంగా ఉన్న సమయంలో, ఆ ఏడాది డిసెంబరులో ఆయన బెంగుళూరు నుండి బయలుదేరారు. కెమెరా, కాగితాలు, రసాయనాలు అన్నీ ఎడ్లబండ్లపై సాగాయి. రాయకోటతో పాటు నాటి సేలం జిల్లాలోని మరికొన్ని ప్రదేశాలను చిత్రించి, అక్కడనుండి శ్రీరంగం, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మధుర, తంజావూరు చూచుకొని, 1858 ఏప్రిల్ చివరకు మద్రాసు చేరారు. సుమారు నాలుగున్నర నెలల యాత్ర. తరువాత రాయకోట, సేలం జిల్లా చిత్రాలు ప్రత్యేకంగా ఒక సంపుటంగా వెలువడినాయి. మన సరిహద్దు సీమకు ఛాయాచిత్రాలలో లభించిన తొలి గౌరవాలలో అది ఒకటి.

తెలుగువారికి ఈ యాత్ర మరొకవిధంగా కూడా ఆత్మీయమైనది. మధురలో తిరుమల నాయకుని మహలును ఆయన శిథిలావస్థలో చిత్రించారు. మధుర, తంజావూరు నాయక రాజులు తెలుగును ఆదరించి, తమిళసీమలో తెలుగు సాహిత్యానికి ఆశ్రయమిచ్చినవారు. తిరుమల నాయకుని మహలుకు తరువాతి దశాబ్దాలలో మరమ్మతులు జరిగాయి. మరమ్మతులకు పూర్వం ఆ స్తంభాలు, తోరణాలు ఎలా ఉండేవో తెలుసుకొనడానికి ట్రైప్ చిత్రాలు నేడు అమూల్యమైన ఆధారాలు.

తంజావూరు బృహదీశ్వరాలయంలో ఆయన చేసిన పని ఇంకా విశేషమైనది. ఆలయ అధిష్ఠానంపై చెక్కిన తమిళ శాసనాలను వరుసగా 21 నెగెటివ్‌లపై తీసి, వాటిని కలిపి, సుమారు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా రూపొందించారు. రాతిమీది అక్షరాలను దూరదేశంలోని పండితుడు కూడా కూర్చొని చదువుకొనగలగాలన్నది ఉద్దేశం. అడుగడుగునా కెమెరాను జరుపుతూ, రాతిగోడకు దూరం మారకుండా, వెలుతురు తేడా రాకుండా చూచుకొనడం ఎంతటి శ్రమో చేయిపెట్టిన వారికే తెలుస్తుంది.

అమరావతి శిల్పాలు

1858 వేసవిలో ట్రైప్ మద్రాసులోనే ఉండి మరొక మహత్కార్యం చేశారు. కృష్ణాతీరంలోని అమరావతి స్తూపం నుండి 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి తెచ్చిన పాలరాతిని పోలిన శిల్పఫలకాలు మద్రాసులో ఎండకూ వానకూ గురవుతూ ఉండేవి. మ్యూజియం పర్యవేక్షణలో వాటిని ఆయన వరుసగా చిత్రించారు. మరుసటి సంవత్సరమే, 1859లో, ఆ శిల్పాలలో అధికభాగం ఓడనెక్కి లండను వెళ్ళిపోయాయి. నేడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగునేల శిల్పసంపద దేశం దాటకమునుపు ఇక్కడి వెలుతురులో తీసిన చిత్రాలుగా ఆ సంపుటం మిగిలింది. రాళ్ళు పోయిన తరువాత నీడలు మిగిలాయన్నమాట. ఆ నీడలు కూడా లేకుంటే ఆనాటి స్థితి మనకు ఎన్నటికీ తెలిసేది కాదు.

నలుపు తెలుపులలో కళ

ట్రైప్ చిత్రాలలోని అందానికి కారణాలు కొన్ని ఆయన ఎన్నుకున్నవి, కొన్ని ఆనాటి పద్ధతి విధించినవి. ఆయన వాడిన కాగితపు నెగెటివ్‌లు సుమారు అడుగు ఎత్తు, అడుగుంబావు వెడల్పు గలవి. చిత్రాన్ని తరువాత పెద్దది చేసే సౌకర్యం లేదు కనుక, చిత్రం ఎంతో నెగెటివ్ కూడా అంతే ఉండాలి. వెండి లవణం పట్టించిన ఆ కాగితంపై వెలుతురు నిమిషాల తరబడి పడితేగాని రూపం ఏర్పడదు. అంతసేపు కదలకుండా నిలిచేది రాయి మాత్రమే. దారిన పోయే మనిషి, మేసే ఎద్దు, ఊగే కొమ్మ కాగితంపై నిలువక మాయమవుతాయి. అందుచేతనే ఆయన చిత్రాలలో రద్దీగా ఉండే గుడి వీధులు సైతం నిర్మానుష్యంగా, కాలం ఆగిపోయినట్లుగా కనిపిస్తాయి.

ఆ కాగితానికి మరొక లోపం కూడా ఉండేది. నీలిరంగు దానిపై త్వరగా పనిచేస్తుంది. పచ్చదనం ఆలస్యంగా పనిచేస్తుంది. కాబట్టి ఆకాశం బోసిగా తెల్లబడిపోయేది, చెట్లు నల్లని ముద్దలుగా మారేవి. ట్రైప్ ఈ లోపాన్ని సహించలేదు. నెగెటివ్‌పై సన్నని కుంచెతో రంగు అద్ది, ఆకాశంలో మబ్బులను, చెట్లలో ఆకుల గుంపులను, నీటిలో ప్రతిబింబాలను సవరించేవారు. అంటే యంత్రం ఇచ్చినదానికి చేతిపని తోడయింది. పని ప్రభుత్వపు నమోదే అయినా, దానిని చేసినవాడు కళాకారుడు. ముద్రించిన చిత్రాలకు బంగారు లవణంతో మెరుగు పెట్టినందున అవి కేవలం నలుపు తెలుపులుగా కాక, ఊదా, గోధుమ ఛాయలతో నిగనిగలాడుతాయి.

రంగులు లేకపోవడం లోటుకదా అని నేటి పిల్లలు అడుగవచ్చు. రంగు ఉన్నచోట కన్ను ముందు రంగునే చూస్తుంది. రంగు తొలగినప్పుడు ఆకారం, నీడ, రాతి గరుకుదనం, స్తంభాల మధ్య లోతు ఒక్కొక్కటిగా బయటపడతాయి. సాయంకాలపు ఏటవాలు ఎండలో చెక్కడం మీది ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. మన ఇళ్ళలో గోడమీద ఉన్న తాతలనాటి పెళ్ళి ఫొటోలో అవ్వ కట్టిన చీర రంగు మనకు తెలియదు. ఆమె చూపు మాత్రం మరపురాదు. నలుపు తెలుపు చిత్రం యొక్క శక్తి ఇదే.

మూతపడిన శాఖ

ఇంతటి కృషి ఎక్కువకాలం సాగలేదు. తిరుగుబాటు అనంతరం ఖజానా చిక్కిపోయింది. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ పొదుపును పట్టుదలగా పాటించినవారు. ఛాయాచిత్ర శాఖ ప్రభుత్వం భరించరాని విలాసమని ఆయన భావించారు. శాఖను ముగించవలసిందిగా ఆదేశాలు వచ్చాయి. చేతిలోని పనిని ముగించుకొని, 1860 నాటికి ట్రైప్ ఆ బాధ్యత నుండి వైదొలిగారు. విధివిలాసమేమనగా, కేంద్ర ప్రభుత్వపు పన్నుల విధానాన్ని బాహాటంగా వ్యతిరేకించినందుకు అదే 1860లో ట్రెవెల్యన్‌ను కూడా పదవి నుండి వెనుకకు పిలిపించారు.

గవర్నరు లెక్క పూర్తిగా తప్పని అనలేము. పన్ను కట్టే రైతు వైపు నుండి చూస్తే, ప్రభుత్వం డబ్బు దేనికి వెచ్చించాలన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే అప్పుడు మిగిలిన రూపాయలు ఏమయ్యాయో నేడు ఎవరికీ పట్టదు. అప్పుడు తీసిన చిత్రాలు మాత్రం మిగిలాయి, తీయకుండా పోయినవి శాశ్వతంగా పోయాయి. మరొక విషయం కూడా మరువరాదు. ఆ చిత్రాలను తీయించినవారు ఈ దేశాన్ని ఏలుతున్న పరాయివారు. తాము గెలిచిన నేలను తెలుసుకొనడం వారి అవసరం. ఆ అవసరం నుండి పుట్టిన పనే తరువాత మన చరిత్రకు సాక్ష్యమైంది.

తన ముప్పై ఎనిమిదవ ఏట ట్రైప్ తిరిగి సైనికోద్యోగానికి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఛాయాచిత్రకళలో ఆయన చెప్పుకోదగిన కృషి చేయలేదు. 1870ల దశకంలో గౌరవ మేజర్ జనరల్ హోదాతో ఉద్యోగ విరమణ చేసి, పుట్టిన ఊరు డెవన్‌పోర్టు చేరుకున్నారు. 1902లో అక్కడే కన్నుమూశారు. కళాకారునిగా ఆయన జీవితం ఇంచుమించు ఆరేళ్ళే. ఇంచుమించు ఎనభై ఏళ్ళ ఆయుష్షులో అది ఎంత? అయినా ఆయన పేరు నిలిచినది ఆ ఆరేళ్ళవల్లనే.

మరణించిన శతాబ్దం తరువాత, 2014, 2015 సంవత్సరాలలో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ నగరాలలోని ప్రసిద్ధ మ్యూజియంలు ఆయన భారత, బర్మా చిత్రాలతో పెద్ద ప్రదర్శన నిర్వహించాయి. విలాసమని ఒకనాడు ఆపివేయబడిన పనిని చూడడానికి దేశదేశాల జనం వచ్చారు.

నేడు ప్రతి ఇంటా చేతిఫోనులో కెమెరా ఉన్నది. క్షణంలో పది చిత్రాలు తీస్తాము, మరునాటికి మరచిపోతాము. ఎడ్లబండిపై కాగితాలు మోసుకొని, నిమిషాల తరబడి ఎండలో నిలబడి, ఒక్క రాయిని ఒక్కసారి సరిగా చూచిన ట్రైప్ జీవితం మనకు ఒక పాఠం. మన ఊరి పాత గుడి, వీరగల్లు, కూలుతున్న కోటగోడ, దిగుడుబావి ఇవన్నీ మన కళ్ళముందే తరుగుతున్నాయి. ఈసారి పిల్లలను వెంటబెట్టుకొని రాయకోట కొండ ఎక్కినప్పుడు, తొందరపడక నిలిచి, ఎండ ఏటవాలుగా పడేవరకు ఆగి, ఒక్క చిత్రం తీయించండి. దాని వెనుక తేదీ, ఊరిపేరు వ్రాయించండి. నూరేళ్ళ తరువాత దానికోసం వెదికేవారు తప్పక ఉంటారు.