వెండి నుండి మందు వరకు: గేలుసాక్ జీవితం

వాయు నియమాల మూలంగా గేలుసాక్ పేరు మన విద్యార్థులకు సుపరిచితమే. కాని వారు ప్రయోగశాలలో చేతబట్టే బ్యూరెట్టు వెనుక కూడ ఆ మహనీయుని కృషి ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

జోసెఫ్ లూయీ గేలుసాక్ 1778 డిసెంబరు 6న ఫ్రాన్సు దేశంలో జన్మించాడు. విప్లవ కల్లోలంలో తండ్రి చెరసాల పాలైనా అతని విద్యాతృష్ణ ఆరలేదు. 1797లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరి, రసాయన శాస్త్రజ్ఞుడు బెర్తొలే ఆదరణకు పాత్రుడైనాడు. 1804లో బెలూనులో ఒంటరిగా సుమారు 7,000 మీటర్ల ఎత్తుకు ఎగిరి గాలి నమూనాలు తెచ్చాడు. 1808లో ఒక ప్రయోగంలో పేలుడు సంభవించి కళ్ళు దెబ్బతిన్నా పరిశోధన మానలేదు. సముద్రపు నాచు బూడిద నుండి కుర్త్వా వెలికితీసిన క్రొత్త పదార్థాన్ని పరిశీలించి, అది మూలకమని చూపి, అయోడిన్‌కు ఆ పేరు పెట్టినవాడు ఆయనే.

1829లో ఆయన పారిస్ టంకశాలకు ప్రధాన పరీక్షాధికారి అయ్యాడు. అంతకుముందు వెండిని సీసంతో కలిపి పుటం పెట్టి దాని స్వచ్ఛతను తేల్చేవారు. ఆ మంటలో కొంత వెండి నష్టమై, ఉన్నదానికన్న తక్కువగా లెక్క తేలేది. గేలుసాక్ వెండిని నత్రికామ్లంలో కరగించి, బలం తెలిసిన ఉప్పు ద్రావణాన్ని కొలిచి పోశాడు. తెల్లని అవక్షేపం ఏర్పడడం ఆగిన చోట ఖర్చయిన ద్రావణమే వెండి ఎంతో చెప్పింది. ఈ అంశమాపన పద్ధతిని 1832లో గ్రంథరూపంలో వెలువరించాడు. 1850 మే 9న కన్నుమూశాడు.

పెన్సిలిన్ వెలుగుచూసినది 1928లో. అయినా ఆ మందు బలాన్ని తేల్చే ఒక పద్ధతిలో గేలుసాక్ అంశమాపనమూ, ఆయన పేరు పెట్టిన అయోడినూ కలిసి పనిచేస్తాయి. చెడని పెన్సిలిన్ అయోడిన్‌ను గ్రహించదు. క్షారంతో విచ్ఛిన్నం చేసిన పెన్సిలిన్ గ్రహిస్తుంది. మిగిలిన అయోడిన్‌ను హైపోతో కొలుస్తారు. క్షారం కలపని నమూనాకు 19.6 మి.లీ., కలిపినదానికి 10.1 మి.లీ. హైపో పట్టిందనుకుందాం. భేదం 9.5. అంతే బరువుగల ప్రమాణ పెన్సిలిన్‌కు భేదం 10.0 అయితే, మన నమూనా బలం ప్రమాణంలో నూటికి 95 పాళ్ళు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తీసుకున్న అయోడిన్‌కు సమానమైన హైపో 20.0 మి.లీ. అనుకుంటే, క్షారం కలపని నమూనాయే 0.4 మి.లీ. మేరకు అయోడిన్‌ను మింగివేసినదన్నమాట. అది ముందే చెడిన మందు చేసిన పని. ఆ కొలత తీసుకోక 20.0 నుండే 10.1 తీసివేసిన విద్యార్థికి 9.9 వస్తుంది, చెడిన మందు కూడ మంచి మందుగా లెక్కకెక్కి బలం 99 పాళ్ళని తేలుతుంది. టంకశాలలో తప్పు లెక్క వల్ల నష్టపోయేది ధనం. ఇక్కడ నష్టపోయేది రోగి.

కావున విద్యార్థులారా, బ్యూరెట్టులో చివరి బిందువును చూచేటప్పుడు, రికార్డు పుస్తకంలో అంకె వేసేటప్పుడు, మార్కుల కొరకు సంఖ్యను సవరించబోయేటప్పుడు గేలుసాక్‌ను ఒక్కసారి తలచుకొనండి. ఆయన మనకిచ్చినది పరికరం మాత్రమే కాదు, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పే అలవాటు.