అడయార్ ఆస్పత్రికి ప్రాణం పోసిన ముత్తులక్ష్మీ రెడ్డి

దక్షిణ భారతంలో క్యాన్సర్ చికిత్సకు, పరిశోధనకు బాట వేసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1886లో పుదుక్కోట సంస్థానంలో జన్మించారు. 1912లో మద్రాసు వైద్య కళాశాల పట్టభద్రురాలయ్యారు. 1927లో మద్రాసు శాసన మండలిలో ప్రవేశించి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ దురాచార నిర్మూలనకు పోరాడారు.

ఆమె చెల్లెలికి సోకిన క్యాన్సర్‌ను వైద్యులు తొలుత జిగట విరేచనాలుగా పొరబడ్డారు. వ్యాధి బయటపడేసరికి సమయం మించిపోయింది. ఆ మరణం ఆమె జీవిత గమనాన్ని మార్చింది. క్యాన్సర్‌కు ప్రత్యేక ఆస్పత్రి కావాలని 1935లోనే ఆమె బహిరంగంగా కోరారు. ఈ వ్యాధికి మందు లేదన్న నిరాశ ప్రబలిన రోజులవి. అయినా భారత మహిళా సంఘం అండతో ఇంటింటా విరాళాలు సేకరించారు. 1952లో ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954లో మద్రాసులోని అడయార్‌లో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది.

కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, ప్రసూతి, స్త్రీ వ్యాధుల వైద్యంలో శిక్షణ పొందిన డాక్టర్ వి.శాంత ఆ సంస్థను పెంచి పెద్దచేశారు. 1956లో పద్మభూషణ్ అందుకున్న ముత్తులక్ష్మి 1968లో కన్నుమూశారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదరడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. సకాలంలో పరీక్షిస్తే దానిని నివారించవచ్చు. అయినా బిడియం, పేదరికం, అవగాహనా లోపం కారణంగా ఎందరో స్త్రీలు ఆలస్యంగానే ఆస్పత్రి గడప తొక్కుతున్నారు. చెల్లెలి మరణం ముత్తులక్ష్మికి నేర్పిన పాఠం ఇంకా ప్రతి ఇంటికీ చేరవలసే ఉంది.