నాదమే కాయకముగా — మల్లికార్జున మన్సూర్ జీవితము

బసవాది శరణులు వచనములను పండితుల కొరకు మాత్రమే పలుకలేదు. అవి జనుల నోట నిలిచి, చెవులకు సోకి, మనసును మార్చవలెనని వారి ఆశయము. మన కాలమునకు చేరువలో ఆ వచనములకు హిందుస్తానీ రాగముల నొసగి వినిపించిన లింగవంతుడు పండిత మల్లికార్జున మన్సూర్ గారు.

వారు 1910 డిసెంబరు 31వ తేదీన ధారవాడకు సమీపముననున్న మన్సూరు గ్రామమున జన్మించిరి. తండ్రి భీమరాయప్పగారు సేద్యము చేయుచు సంగీతమునందు మక్కువ కలవారు. అన్న బసవరాజుగారు నాటకరంగమున ఉండుటచే బాలుడు చిన్ననాడే రంగస్థలమెక్కెను. ఆనాటి కంపెనీ నాటకములలో పాట రానివాడు కథను నడపజాలడు. ప్రేక్షకుల హృదయమును తాకుటయెట్లో వారు మొదట నేర్చినది అచ్చటనే.

అప్పయ్యస్వామి యొద్ద కర్ణాటక సంగీతమునందు తొలి పాఠములైనవి. పిమ్మట మిరజ్‌లో నీలకంఠబువా గారి చెంత గ్వాలియర్ సంప్రదాయమును కొన్ని యేండ్లు అభ్యసించిరి. పేరు వచ్చినది, గ్రామఫోను రికార్డులును వెలువడినవి. అచ్చటితో తృప్తి చెందినచో ఈ చరిత్ర యింతటితో ముగిసెడిది. కాని తనకు తెలిసినది స్వల్పమని గ్రహించినవాడే శిష్యుడు. ఆ తపనతో వారు జయపుర–అత్రౌలీ సంప్రదాయ ప్రవర్తకుడైన అల్లాదియాఖాన్ సాహెబు కుమారుడు మంజీఖాన్‌ను ఆశ్రయించిరి.

గాయక కుటుంబములు తమ విద్యను నిధివలె కాపాడుకొనెడి కాలమది. గురువు మహమ్మదీయుడు, శిష్యుడు లింగధారి. అయినను గురువు దాచుకొనలేదు, శిష్యుడు వెనుదీయలేదు. 1937లో మంజీఖాన్ అకాలముగా గతించగా శిష్యుని దుఃఖమునకు మేర లేకపోయెను. అప్పుడు మంజీఖాన్ సోదరుడు భుర్జీఖాన్ వారిని చేరదీసి విద్యను కొనసాగించెను. అరుదైన రాగములనేకము ఈ విధముగా వారికి సంక్రమించినవి. అందుకై మన్సూర్ గారు తమ శివభక్తిని విడువవలసిన పని కలుగలేదు. నుదుట విభూతి ధరించియే వారు ఆ గురువుల విద్యను గానము చేసిరి.

ఎదుటివానిని పరాయివాడని యెంచక తనవానిగా చూచుకొనవలెనన్నది బసవేశ్వరుని బోధ. దానిని నోట పలుకుట సులభము. కాని అన్యమతస్థుని పాదముల చెంత కూర్చుండి, నాకు రానిది నీకు వచ్చునని యొప్పుకొనుట సులభము కాదు. పరమత సహనమనగా ఇతరులను ఓర్చుకొనుట మాత్రమే కాదు, వారికి ఋణపడుటకు సిగ్గుపడకుండుట.

ఇట్లు ఆర్జించిన విద్య మరల శరణుల సన్నిధికే చేరినది. మన్సూర్ గారు రాగజ్ఞానమును వచనగానమునకు వినియోగించిరి. వారి పాటలో రాగము వచనమును మ్రింగదు. అర్థము తేటగా నిలుచును. ధారవాడ మురుఘామఠాధిపతులగు మృత్యుంజయ స్వామివారియందు భక్తిచే తమ గృహమునకు మృత్యుంజయ యని నామకరణము చేసికొనిరి.

లోకము వారిని ఆలస్యముగా గుర్తించినది. 1970లో పద్మశ్రీ, 1976లో పద్మభూషణ్, 1992లో పద్మవిభూషణ్ లభించినవి. అంతకుముందు దశాబ్దములు గడచినను వారు ప్రతిదినము తంబురా శ్రుతి చేయుట మానలేదు. ఫలము నాశింపక చేయు పనియే కాయకమని శరణులు బోధించిరి గదా! 'నన్న రసయాత్రె' యను ఆత్మకథను కన్నడమున రచించిన ఆ మహనీయుడు 1992 సెప్టెంబరు 12న లింగైక్యము చెందిరి.

మన పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమున కొనిపోయెను. భక్తికి భాష అడ్డు కాలేదు. మన్సూర్ గారి విద్యకు మతము అడ్డు కాలేదు. మన బిడ్డలకు వచనములు నేర్పు మఠములును గృహములును ఈ సంగతిని కూడ నేర్పినచో వచనము సార్థకమగును.

శరణు శరణార్థి.